షాంపూలో చిటికెడు ఉప్పు

ఆ రోజు ఎవరి మీదా కోప్పడకూడదని ఆమె పళ్ళు తోముకుంటూ గట్టిగా అనుకుంది. నోరు పుక్కిలించి తలెత్తేసరికి, మొగుడు మూత పెట్టకుండా వదిలేసిన టూత్‌పేస్టు కంటబడింది. మూత లేని పేస్టు ఎందుకు ఎండిపోతుందో, అందులో తడి నిలబడేట్టు చెయ్యడానికి ఎంతమంది బుర్రలు బద్దలు కొట్టుకున్నారో పక్కింటివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పింది. అలా ఆ నిర్ణయం తువ్వాలు తడవకముందే ముగిసిపోయింది.

ఆమె పనిచేసేది షాంపూలు, క్రీములు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో. ఏ సరుకు ఎంత పాళ్ళలో పడాలో, ఏ వేడిలో పడాలో, దేని తర్వాత దేన్ని కలపాలో తేల్చే కెమిస్టు ఆమే. ఎదురుగా ఉంటే అందరూ "మేడమ్" అంటారు. వెనక్కి తిరిగితే "అగ్గిపెట్టె" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో ఇంతవరకూ తేలకపోవడం ఆమెకు ఇంకో కోపం.

అసలు ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. కళ్ళు మండకుండా, జుట్టు పీచులా అవకుండా, మాడు పొడిబారకుండా ఉండే షాంపూ ఒకటి చెయ్యాలని ఆమె ఏళ్ళ తరబడి పాటుపడింది. తీరా అది కుదిరాక యజమాని అల్లుడు వచ్చి సీసా ఇటూ అటూ ఊపి, "పలచగా ఉందండీ. తేనెలా జారాలి" అన్నాడు. అమ్మకాల వ్యవహారం చూసేది ఆయనే. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి లెక్కలు రాసే గుమాస్తా దాకా అందరికీ ఆయన "అల్లుడుగారే".

"చిక్కదనానికీ తల శుభ్రపడడానికీ సంబంధం లేదండీ" అని ఆమె చెప్పింది.

"మీకు తెలుసు, నాకు తెలుసు. కొనేవాడికి తెలియదుగా. పలచగా ఉంటే నీళ్ళు కలిపామంటాడు."

ఆ వాదనలో ఆమె ఓడిపోయింది. కళ్ళు మండని మెత్తని సరుకుతో చేసిన షాంపూ ఓ పట్టాన చిక్కబడదు. దాన్ని దారికి తేవడానికి ఆమెకు చలికాలమంతా పట్టింది.

షాంపూని చిక్కబరిచేది మామూలు ఉప్పే. వంటింట్లో ఉండేదే. కాకపోతే దానికో గీత ఉంది. ఆ గీత దాకా వేసేకొద్దీ చిక్కబడుతుంది. గీత దాటాక వేసేకొద్దీ పలచబడుతుంది. మామూలు షాంపూలో ఆ గీత కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి చెయ్యి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆమె చేసిన దాంట్లో మాత్రం వెంట్రుకంత. దీనికి తోడు ఇంకో పేచీ ఉంది. వేడిగా ఉన్నంతసేపూ అది నీళ్ళలాగే కనిపిస్తుంది. చల్లారాక గానీ అసలు చిక్కదనం బయటపడదు. ఈ రెండు ముక్కలూ ఆమె ఫ్యాక్టరీలో అందరికీ చెప్పింది. అయితే ఆమె చెబుతున్నంతసేపూ వాళ్ళు ఆమె కనుబొమలు చూస్తూ కూర్చున్నారు, ఎప్పుడు ఎవరి మీదికి లేస్తాయోనని. మాటలు చెవిన పడలేదు.

ఆ రోజు ఆ షాంపూ మొదటిసారి పెద్ద ట్యాంకులో తయారవుతోంది. ఒక పెద్ద హోటళ్ళ సంస్థ తరఫున కొనుగోళ్ళు చూసే ఆవిడ స్వయంగా చూడ్డానికి వస్తానంది. గిరాకీ లేక ఫ్యాక్టరీలో సగంమంది పనివాళ్ళని అప్పటికే ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ సరేనంటే వాళ్ళంతా తిరిగి పనిలోకి వస్తారు. కాదంటే మిగతా సగం కూడా ఇంటిదారి పట్టాల్సిందే. సూపర్‌వైజరు తెల్లవారగానే సరుకంతా కలిపి వేడిచేసి ఉంచేట్టు, ఆమె పోయి చల్లార్చి, చూసి, చివరి ఉప్పు తన చేత్తో తూచి వేసేట్టు అనుకున్నారు.

ఇంట్లో కూడా అన్నీ చెప్పే బయల్దేరింది. మామగారికి కిందటి రోజే పళ్ళు పీకారు. సూప్ తప్ప ఏదీ పెట్టకూడదన్నారు. మొగుడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. సూప్ ఎలా కాచాలో ఆమె చెప్పింది, ఆయన తలూపాడు.

బస్సు సగం దారిలో ఆగిపోయింది. రోడ్డు తవ్వి పైపులు వేస్తున్నారు. ముందు లారీ, వెనక లారీ, మధ్యలో బస్సు, బస్సులో పైకమ్మీ పట్టుకుని ఆమె. అప్పుడు ఫోన్ మోగింది. "సూప్ నీళ్ళలా ఉందంటున్నాడు నాన్న. ఏం చెయ్యను?" అని మొగుడు రాశాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా ఆమె వేలు ఫోన్ మీద పడే క్షణానికి ఫ్యాక్టరీవాళ్ళందరూ ఉండే గ్రూపులో సూపర్‌వైజరు ఒక ముక్క రాశాడు. ఫోన్‌లో కిందున్న గ్రూపు వరస పైకొచ్చింది, పైనున్న మొగుడి వరస కిందికి దిగింది. ఆమె చూసుకోలేదు. పై వరస నొక్కి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేసి పంపింది.

"నీళ్ళలా ఉంటే ఉప్పు వెయ్యండి. అది కూడా నేనే చెప్పాలా? చేతులు లేవా మీకు? ఎవరికి సరిపోలేదనిపిస్తే వాళ్ళు ఇంత వేసి కలుపుకోండి. మళ్ళీ దీని గురించి నన్ను అడిగారంటే బాగుండదు చెప్తున్నా."

బస్సులో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగి, వెంటనే కిటికీల్లోంచి చూడడం మొదలుపెట్టారు. అప్పుడు ఆమె కళ్ళు ఫోన్ పైఅంచున మెరిసిన సూపర్‌వైజరు ముక్క మీద పడ్డాయి. "మేడమ్, ట్యాంకులో నీళ్ళలా ఉంది. ఏం చెయ్యమంటారు?" ఆమె పళ్ళు పటపట కొరికింది. గ్రూపు అదేననుకుని రెండో వరస నొక్కి మళ్ళీ అందుకుంది.

"ఎవరూ ముట్టుకోవద్దు. వేడి మీద అలాగే ఉంటుంది. పూర్తిగా చల్లారనివ్వండి. నేనొచ్చి చూసి సరేననేదాకా అందులో చెంచా పెట్టినా ఊరుకోను."

ఇక ఏ ఒక్కరి మొహమూ, మాటా తనకు అక్కర్లేదని ఫోన్ కట్టేసి సంచీలో పడేసింది.

ఆమె ఫ్యాక్టరీ చేరేసరికి సూపర్‌వైజరు ట్యాంకు దగ్గర నిలబడి, అప్పటికే తుడిచిన గొట్టాన్ని మళ్ళీ తుడుస్తున్నాడు. పెద్దవాడు, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. అల్లుడుగారు గోడమీది గడియారం మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. యజమానిని పెద్దాయన అంటారు, ఆయన కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన పొద్దున్నే ట్యాంకు దగ్గరికి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. మూత తీసి గాజుకడ్డీ ముంచి పైకెత్తింది. షాంపూ తేనెలా జారలేదు. టపటపా చినుకుల్లా రాలింది.

చల్లారాక కూడా ఇలా ఉందంటే ఒకటే అర్థం. ఆమె గొంతు పెంచలేదు. అది మరీ భయంకరంగా ఉంది.

"ఉప్పు ఎవరు వేశారు బాబాయ్?"

"మీరు చెప్పినట్టే చేశామమ్మా."

"ఎంత?"

"ఎంతో కాదు. చిటికెడు."

"అల్లుడుగారూ, మీరు?"

"నేనా? నేను చూశానంతే. చూస్తూ చూస్తూ ఓ చిటికెడు."

పెద్దాయన దగ్గాడు. "నన్నడగొద్దమ్మా. నేనసలు చెయ్యి పెట్టలేదు. పెట్టినా చిటికెడే."

ట్యాంకు పక్కన ఉప్పు బస్తా పడి ఉంది. నిన్న సాయంత్రం నిండుగా ఉన్నది ఇప్పుడు సగానికి పైగా చిక్కిపోయి, మూతి వేలేసి ఉంది. ఆమె దాన్ని కాలితో ముందుకు నెట్టింది.

"మూడు చిటికెలకి బస్తా ఇలా అయిపోయిందా? ఎవరి వేళ్ళండీ ఇవి, మనుషులవేనా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చలికాలమంతా ఒక్కో చుక్కా, ఒక్కో రవ్వా తూచి చూసుకున్న మనిషి. ఇంటికి పోయినా కలలో తక్కెడే కనిపించేది. దాని మీద వీళ్ళు కూరలో వేసినట్టు వేశారు.

"నేనేం చెప్పాను? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"వెయ్యమన్నారు కదమ్మా" అన్నాడు బాబాయ్, గొంతు బాగా తగ్గించి. "ఎవరికి సరిపోలేదనిపిస్తే వాళ్ళు వెయ్యమన్నారు."

"పిచ్చి పట్టిందా నాకు, అలా చెప్పడానికి? సరే, చెప్పాననే అనుకుందాం. అంత తేడాగా ఉన్నప్పుడు ఒక్కసారి అడగాలి కదా?"

"అడిగితే తిడతారని అడగలేదమ్మా."

"అడక్కపోతే తిట్టననుకున్నారా?"

బాబాయ్ తుడుపుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "అప్పుడూ తిడతారు. కాకపోతే కాస్త ఆలస్యంగా."

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఆఫీసుగదిలో ఫోన్ మోగింది, ఆమె కోసమేనని గుమాస్తా కేకేశాడు. ఆమె వెళ్ళి రిసీవరు అందుకుంది.

"ఏంటి?"

"ఇక్కడ నాన్న సూప్ ముందు కూర్చుని ఉన్నాడు" అన్నాడు మొగుడు. "నీ ఫోన్ మోగడం లేదు. పూర్తిగా చల్లారింది. పైన మీగడలాంటిది కూడా కట్టింది. ఇప్పుడైనా చెంచా పెట్టొచ్చా, నువ్వొచ్చేదాకా ఆగమంటావా?"

ఆమె సంచీలోంచి తన ఫోన్ తీసి, వెలిగించి, చూసింది. ఏ మాట ఎక్కడికి పోయిందో రెండుసార్లు చూసుకుంది.

"తాగమనండి" అంది. "ఉప్పు వేసుకుని తాగమనండి."

అంతవరకూ ఆమె కోపానికి ఎప్పుడూ రాని చిక్కు అప్పుడొచ్చి పడింది. కోపం నిండుకుండలా ఉంది గానీ దాన్ని ఎవరి మీద కుమ్మరించాలో తెలియలేదు. ట్యాంకు దగ్గరికి తిరిగొచ్చి, ముగ్గురినీ చూసి, "పొరపాటు నాది" అని చాలా కోపంగా చెప్పింది. క్షమాపణ అలా కూడా చెప్పొచ్చని వాళ్ళకు అంతవరకూ తెలియదు. బాబాయ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

తర్వాత ఒక్కొక్కరి నోటినుంచీ ఊడిపడ్డ ముక్కలన్నీ అతికిస్తే జరిగింది ఇదీ. మొదట బాబాయ్ వేశాడు. వేడి మీద ఉంది కాబట్టి తేడా కనిపించలేదు. కాస్త చల్లారాక బ్రహ్మాండంగా చిక్కబడింది. అక్కడితో ఆగి ఉంటే కథే లేదు. అల్లుడుగారు వచ్చి, ఇంకా తేనె కాలేదని తనూ వేశాడు. ఆయన అదృష్టం, తేనె అయింది. ఆయన సంబరంగా తన మామగారిని, పెద్దాయనని, పిలుచుకొచ్చాడు. పెద్దాయన ఒకప్పుడు పెరట్లో బక్కెట్టులో కలిపి ఈ వ్యాపారం మొదలుపెట్టిన మనిషి. తన చెయ్యి పడకుండా ఒక సరుకు బయటికి పోవడం ఆయనకు నచ్చదు. అందరూ అటు తిరిగినప్పుడు తనూ వేశాడు. గీత దాటింది. షాంపూ పలచబడింది. పలచబడిందని బాబాయ్ గాభరాపడి మళ్ళీ వేశాడు. ఇంకా పలచబడింది. అల్లుడుగారు మళ్ళీ వేశాడు. వేసేకొద్దీ పలచన, పలచనయ్యేకొద్దీ ఉప్పు. ఆమె ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే రెండో బస్తా విప్పేవాళ్ళు.

"ఇప్పుడు ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఉప్పు లేకుండా ఇంకో ట్యాంకు కలిపి, దీన్నీ దాన్నీ సరిపెట్టాలి. ఈ రోజుకి కాదు."

"హోటళ్ళావిడ వచ్చేస్తుంది."

అల్లుడుగారికి ఉపాయం తట్టింది. ప్రయోగశాలలో ఉన్న నమూనా సీసా, చలికాలంలో ఆమె చేసిన చిక్కటిది, పట్టుకొచ్చాడు. "ఇది చూపిద్దాం. ట్యాంకు మూత తియ్యొద్దు."

"సీసాలో ఒకటి, ట్యాంకులో ఒకటా? నేను ఒప్పుకోను."

"మీరు కాసేపు ఊరుకుంటే అందరికీ మంచిదండీ. పొద్దున మీరు ఊరుకోలేదు కాబట్టే..."

ఆయన మాట పూర్తికాలేదు, ఆవిడ వచ్చేసింది. భుజానికి పెద్ద సంచీ, చేతిలో ఫోన్, ఫోన్లో ఎవరినో దులిపేస్తోంది. "ఊడిపోయిందంటే బిగించండి. బిగించడం రాకపోతే చెప్పండి, నేనే వచ్చి బిగిస్తాను" అని కట్ చేసి, పలకరింపులు లేకుండా అల్లుడుగారి వైపు తిరిగింది.

"మీ షాంపూ చిక్కగా ఉంటుందా?"

అల్లుడుగారి ముఖం వెలిగిపోయింది. సీసా ముందుకు చాపాడు. "తేనెలా ఉంటుందండీ."

"అయితే నేను వెళ్తాను."

అల్లుడుగారు సీసాని వీపు వెనక్కి తెచ్చుకున్నాడు. ఆవిడ అక్కడే నిలబడి తన బాధంతా వెళ్ళగక్కింది. వాళ్ళ హోటళ్ళ స్నానాలగదుల్లో షాంపూ డబ్బాలు గోడకి బిగించి ఉంటాయి. ఇప్పుడు కొంటున్న చిక్కటి షాంపూ వాటి గొట్టాల్లో బిరడాలా పడి కూర్చుంటోంది. నొక్కితే రాదు. గట్టిగా నొక్కితే డబ్బా ఊడి కాలి మీద పడుతుంది. "తల తడుపుకున్న మనిషి ఒంటిమీద తువ్వాలుతో కిందికి ఫోన్ చేస్తాడు. వాడికి సమాధానం ఎవరు చెప్పాలి? నేను. పొద్దున లేస్తే తడితల మనుషుల చేత తిట్లు తినడమే నా ఉద్యోగమైపోయింది."

"తేనె అంటే మరీ తేనె కాదండీ" అన్నాడు అల్లుడుగారు. "పలచటి తేనె."

కెమిస్టు ఆయన్ని పక్కకు జరిపి ట్యాంకు మూత ఎత్తింది. "అమ్మేది ఇది. చూడండి."

ఆవిడ సంచీలోంచి ఒక గోడడబ్బా తీసింది. దాన్ని అన్ని ఫ్యాక్టరీలకీ వెంట తిప్పుతున్నట్టుంది, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ట్యాంకులోది కాస్త అందులో పోయించుకుని నొక్కింది. వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ వచ్చింది. పాత పగ తీర్చుకుంటున్నట్టు ఆగకుండా నొక్కుతూనే ఉంది, అరచేయి నిండి నేలమీద కారేదాకా. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు రుద్దుకుంది, నురగ చూసింది, ముందుజుట్టు పాయ తడిపి రుద్దుకుని కడిగింది. ఒక చుక్క కనురెప్ప మీదికి జారింది. ఆవిడ కళ్ళు ఆర్పి, "మండలేదే" అంది. "ఇదే కావాలి."

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"ఇవ్వను" అంది కెమిస్టు.

పెద్దాయన మళ్ళీ కూర్చున్నాడు.

"ఇది నా పొరపాటు వల్ల ఇలా అయింది. ఉప్పు ఎక్కువ పడింది. చలిలో ఉంచితే మబ్బు పట్టినట్టు మసకగా తిరుగుతుందేమో, వేడిలో రెండు పొరలుగా విడిపోతుందేమో నాకు తెలియదు. నాకు తెలియని దాన్ని ఎవరి తలమీదా పొయ్యను."

"మీరు అమ్మడానికి ఉన్నారా, ఆపడానికా?"

"తయారుచెయ్యడానికి."

"నేను చాలా ఫ్యాక్టరీలు తిరిగాను. కొనమని ప్రాణం తీసినవాళ్ళే గానీ వద్దని పోట్లాడినవాళ్ళు లేరు" అంది ఆవిడ. "సరే, పరీక్షలన్నీ చేసుకుని పంపండి. కానీ ఇదే పంపండి. బాగుచేస్తున్నామని మళ్ళీ చిక్కబరిస్తే మాత్రం ఊరుకోను."

"చిక్కబరచను. కానీ మధ్యలో తొందరపెడితే నేనూ ఊరుకోను."

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అక్కడికక్కడే గురి కుదిరింది. చూసేవాళ్ళకి మాత్రం ఇద్దరూ జుట్లు పట్టుకోబోతున్నారేమో అనిపించింది.

ఆమె ఆ షాంపూని ఫ్రిజ్‌లో పెట్టింది, వేడిపెట్టెలో పెట్టింది, ఎండ తగిలే కిటికీలో పెట్టింది, తీసి కుదిపింది, మళ్ళీ పెట్టింది. వారాలు గడిచాయి. మబ్బు తిరగలేదు. పొరలు విడిపోలేదు. దానికి ఆమెకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చలికాలమంతా ప్రాణం పెట్టి చిక్కబరిచిన దాన్ని ఒక్క పూటలో పాడుచేస్తే, పాడైనదే చెక్కుచెదరకుండా నిలబడింది. ఆమె కాస్త తీసి, ఉప్పు ఎంత ఉందో ప్రయోగశాలలో లెక్క కట్టి, ఇకమీద ప్రతిసారీ అంతే పడేట్టు ఖాయం చేసింది. ఉప్పు బస్తాలున్న గదికి తాళం వేయించి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది.

హోటళ్ళావిడ మాట నిలబెట్టుకుంది. ఇంటి దగ్గర కూర్చున్న పనివాళ్ళందరూ తిరిగొచ్చారు. ఆ రోజు పెద్దాయన అందర్నీ ట్యాంకు దగ్గరికి పిలిచి, ఉత్సాహం పట్టలేక, "ఇంతకీ ఈ షాంపూకి ఉప్పు కుదిర్చిన చెయ్యి ఎవరిదో చెప్పుకోండర్రా" అన్నాడు.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "మొదట వేసింది నేనే కదండీ. చిటికెడని ఆ రోజు భయపడి చెప్పాను గానీ, బక్కెట్టు."

"బక్కెట్టు నీది. తర్వాత రెండు బక్కెట్లు నావి" అన్నాడు అల్లుడుగారు. "పలచబడిందే నా చేతిలో."

పెద్దాయన నవ్వాడు. "మీరిద్దరూ వేసింది ఏ మూలకి? మీరటు తిరిగినప్పుడు బస్తా ఎత్తి కుమ్మరించింది నేను."

కెమిస్టు లోపలికి వెళ్ళి తన లెక్క మరోసారి చూసుకుంది. వాళ్ళు ముగ్గురూ చెప్పిందే నిజమైతే, ఆ రోజు ట్యాంకులో షాంపూకి చోటే లేదు.